మా నమూనాల లెక్క మాకు చెప్పండి

ఉద్దానంలో రక్తం, మూత్రం, నీళ్ళు, మట్టి సేకరించిన పరిశోధన సంస్థలకూ, ఇక ముందు సేకరించబోయేవారికీ, రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ అధికారులకూ,

నమస్కారం.

నాది శ్రీకాకుళం జిల్లాలో, ఏళ్ళుగా కిడ్నీ జబ్బుతో అల్లాడుతున్న ఉద్దానం ప్రాంతంలో, కవిటి మండలంలో కొబ్బరి తోటల మధ్య ఉన్న ఒక పల్లె. ప్రస్తుతం ప్రజారోగ్యంలో పీజీ చేస్తున్నాను. అందులో నేను ఎంచుకున్నది పర్యావరణ ఆరోగ్యం. డిగ్రీలో ఉండగా మా వీధి అరుగు మీద కూర్చుని మీలాంటివాళ్ళకు చెయ్యి చాపి రక్తమిచ్చాను. ఇప్పుడు అదే రక్తపు సీసా మీద లేబులు ఎలా అంటించాలో, ఎంత చల్లదనంలో దాన్ని ల్యాబుకు చేర్చాలో నేర్చుకుంటున్నాను. సూదికి అటూ ఇటూ ఉన్నదాన్ని కాబట్టి నా మాట వింటారని ఈ ఉత్తరం రాస్తున్నాను.

అడగదలుచుకున్నది ముందే చెప్పేస్తాను. మా ఒంట్లోంచి తీసుకున్న ప్రతి నమూనా ఫలితం ఆ మనిషి చేతికి తెలుగులో అందాలి. ఊరి బావిలో, బోరులో, మట్టిలో ఏం తేలిందో ఊరికి చెప్పాలి. ఇకపై ఉద్దానంలో ఏ పరిశోధనకు అనుమతి ఇచ్చినా ఇది షరతుగా ఉండాలి. మిగతా ఉత్తరమంతా ఎందుకు అడుగుతున్నానో చెప్పడానికే.

మా మావయ్యకు డయాలసిస్ జరుగుతోంది. వాళ్ళింట్లో తలుపు వెనక మేకుకు ఒక పాలిథీన్ కవరు వేలాడుతూ ఉంటుంది. ఉద్దానంలో చాలా ఇళ్ళలో అలాంటి కవరు కనిపిస్తుంది. సోంపేట ల్యాబు చీటీలు, విశాఖ కేజీహెచ్ ఓపీ కాగితాలు, బరంపురంలో తీయించిన స్కానింగు, ఆరోగ్యశ్రీ కార్డు జిరాక్సులు, అన్నీ అందులోనే. తేదీల వారీగా ఆయనే సర్దుకుంటాడు. ఆ కాగితాల అడుగున చిన్న చిన్న చీటీలు కొన్ని ఉంటాయి. ఒక్కోదాని మీద ఒక నంబరు, బార్‌కోడు, మూలన ఇంగ్లీషులో ఒక సంస్థ పేరు. సర్వేకి వచ్చినవాళ్ళు రక్తం తీసుకున్నాక ఇచ్చినవి. "రిజల్టు వొచ్చినపుడు ఈ నంబరు సెప్పాలంట" అని ఆయన వాటిని ఇప్పటికీ పారేయలేదు. ఒక్కదానికీ ఫలితం రాలేదు. ఏ సంస్థలో నేను చెప్పను. ఒకటి కాదు కాబట్టి, ఒకరిని నిలబెట్టి అడిగితే మిగతావాళ్ళు తప్పుకుంటారు కాబట్టి.

మీలో చాలామంది మంచి పని చేశారని నాకు తెలుసు. ఈ చదువులో చేరాక మీ వ్యాసాలు వెతుక్కుని చదివాను. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో పెద్దవాళ్ళలో ఇంచుమించు ప్రతి అయిదారుగురిలో ఒకరికి మూత్రపిండాలు దెబ్బతిన్నాయని మీ సర్వేల వల్లే లోకానికి తెలిసింది. వాళ్ళలో ఎక్కువమందికి షుగరు లేదు, బీపీ లేదు, మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ పెద్దగా పోదు. అందుకే ఈ జబ్బును 'కారణం తెలియని దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి' అంటున్నారు. వైద్య పత్రికల్లో సీకేడీయూ అని రాస్తారు. ఆ పత్రికలకు చందాలు కట్టే విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో కూర్చుని ఇదంతా చదివాను. ఏ ఊళ్ళ రక్తంతో ఆ పట్టికలు తయారయ్యాయో ఆ ఊళ్ళో ఒక్కరికీ అవి తెలియవు. నాకు ఒళ్ళు మండింది అక్కడే.

ఫలితం చెప్పడమంటే అంకె చెప్పి వెళ్ళిపోవడం కాదు. మా దగ్గర "నీకెంతుంది?" అని ఎవరైనా అడిగితే అది జీతం గురించీ కాదు, పొలం గురించీ కాదు, క్రియాటినిన్ గురించి, అంటే కిడ్నీలు వడకట్టలేక రక్తంలో మిగిలిపోయే వ్యర్థం గురించి. బస్టాండులో, పెళ్ళి భోజనాల దగ్గర, రేషను డిపో దగ్గర అదే ప్రశ్న. అక్షరం ముక్క రాని ముసలమ్మ కూడా దశాంశ బిందువుతో సహా చెప్పేస్తుంది. ఇంత తెలిసిన జనానికి ఆ అంకె మోసం చేయగలదని మాత్రం ఎవరూ చెప్పలేదు. 25 ఏళ్ళ కుర్రాడికి క్రియాటినిన్ 1.2 ఉంటే ఇంచుమించు మామూలే. అదే 1.2 అరవయ్యేళ్ళ ఆడమనిషికి ఉంటే కిడ్నీల వడపోత సామర్థ్యం (ఈజీఎఫ్ఆర్) సుమారు 50కి పడిపోయినట్టు లెక్క. 60 కంటే తక్కువ మూడు నెలలపాటు ఉంటే దాన్ని జబ్బుగానే చూడాలని మీ పుస్తకాలే చెబుతున్నాయి. ల్యాబు చీటీ మీద మాత్రం ఇద్దరికీ పక్కనే 'నార్మల్' హద్దు అచ్చయి ఉంటుంది. ముసలమ్మ ఆ కాగితం మడిచి కొంగున కట్టుకుని నిశ్చింతగా ఇంటికి పోతుంది.

పైగా ఒకే రక్తాన్ని రెండు ల్యాబులకు ఇస్తే అంకె మారవచ్చు. ఒకరు పాత జఫే పద్ధతిలో చూస్తారు, మరొకరు ఎంజైమ్ పద్ధతిలో చూస్తారు. మధ్యాహ్నం దాకా చెట్లెక్కి దిగి, నీళ్ళు సరిగ్గా తాగని మనిషి సాయంత్రం రక్తమిస్తే కొద్దిగా పెరిగి కనబడొచ్చు. ఒంట్లో కండ లేనివాడికి జబ్బున్నా తక్కువగా కనబడొచ్చు. మూత్రంలో స్ట్రిప్పు ముంచి రంగు చూసే పరీక్ష మా జబ్బును చాలాసార్లు పట్టుకోలేదు, ఎందుకంటే ఇందులో దెబ్బతినేది ముఖ్యంగా వడపోత గుత్తులు కాదు, వాటి కిందున్న నాళాలూ వాటి చుట్టూ ఉన్న కణజాలమూ. బయాప్సీల్లో మీరే చూసిన సంగతి ఇది. హెల్త్ క్యాంపులో బీపీ చూసి, షుగరు చూసి, స్ట్రిప్పు ముంచి "ఏమీ లేదు పోండి" అన్నారంటే మా ఊళ్ళో ఆ మాటకు చాలా తక్కువ విలువ ఉందన్నమాట. ఈ నాలుగు ముక్కలూ ఏఎన్ఎంకీ ఆశా కార్యకర్తకీ తెలుగులో రాసిస్తే ఎంత ఖర్చవుతుంది?

క్రియాటినిన్ 5 దాటితే పింఛను అన్న నియమం వచ్చాక ఇంకో వింత మొదలైంది. డయాలసిస్‌లో ఉన్నవాళ్ళకు 2019 నుంచి నెలకు 10,000 రూపాయలు ఇస్తున్నారు. అది లేకపోతే చాలా ఇళ్ళు ఎప్పుడో కూలిపోయేవి, కాదనను. కానీ 3లో, 4లో ఉన్నవాళ్ళు, పని చేయలేనివాళ్ళు, పింఛనుకు అర్హత లేనివాళ్ళు ఎదురుచూసేది దేనికోసం? "నీకింకా అయిదు రాలేదేటే" అని ఒకావిడ ఇంకొకావిడను సానుభూతిగా అడగడం నా చెవులతో విన్నాను. జబ్బు ముదిరితే తప్ప ఆదుకోని ఏర్పాటు మనుషుల చేత ఎలాంటి మాటలు అనిపిస్తుందో చూడండి.

నా చదువు గురించి కొంచెం. పర్యావరణ ఆరోగ్యం అంటే మున్సిపాలిటీలో దోమల మందు కొట్టించే ఉద్యోగమా అని అడిగిన బంధువులున్నారు. పూర్తిగా తప్పేమీ కాదు, అదీ అందులో భాగమే. మేం నేర్చుకునేదంతా చివరికి ఒక్క ప్రశ్న దగ్గరకే వస్తుంది: ఏ పదార్థం, ఎంత మోతాదులో, ఏ దారిన, ఎన్నాళ్ళపాటు మనిషి ఒంట్లోకి పోయింది? డాక్టరు దగ్గరకు జబ్బు వచ్చాక వెళ్తాం. మా పని అంతకు ఇరవై ఏళ్ళ ముందు, ఆ మనిషి తాగిన బావి దగ్గర, పీల్చిన పొగ దగ్గర, నిలబడిన ఎండలో మొదలవుతుంది. ఇంత ముఖ్యమైన పనికి మన రాష్ట్రంలో సరైన ఉద్యోగం పేరే లేదని మా సీనియర్లు నవ్వుతారు. నవ్వక ఏం చేస్తారు లెండి.

ఉద్దానం వంటి కథలు ప్రపంచంలో ఇంకా ఉన్నాయి. బల్గేరియా, సెర్బియా, క్రొయేషియా వైపు డాన్యూబ్ ఉపనదుల ఒడ్డున ఉన్న పల్లెల్లో ఇలాగే కిడ్నీలు పోతున్నాయని 1950ల్లో వైద్యులు రాశారు. నీళ్ళన్నారు, సీసమన్నారు, బూజన్నారు, వంశమన్నారు. గోధుమ చేలల్లో పెరిగే ఒక కలుపు మొక్క గింజలు పిండిలో కలుస్తున్నాయేమోనని 1969 ప్రాంతంలోనే ఒక శాస్త్రవేత్త అనుమానించాడు. అది మన గాడిదగడపాకు జాతి మొక్క. ఆ అనుమానాన్ని దాదాపు నలభై ఏళ్ళు ఎవరూ గట్టిగా పట్టించుకోలేదు. 2007లో గానీ అందులోని అరిస్టోలోకిక్ ఆమ్లమే కారకమని బలమైన రుజువు దొరకలేదు. ఈ లోపల ఒకటి రెండు తరాలు పోయాయి. చేలోకి దిగి కలుపు తీసే మనిషిని ముందే కూర్చోబెట్టి తిండి గురించి, పంట గురించి ఓపిగ్గా అడిగి ఉంటే అన్నేళ్ళు పట్టేది కాదనిపిస్తుంది నాకు.

శ్రీలంకలో అందుకు విరుద్ధంగా తొందరపడ్డారు. ఉత్తర మధ్య ప్రాంతపు వరి రైతుల్లో వచ్చే కిడ్నీ జబ్బుకు గ్లైఫోసేట్ అనే కలుపు మందే కారణమని 2015లో దాన్ని నిషేధించారు. 2018లో తేయాకుకూ రబ్బరుకూ సడలించారు. శాస్త్రవేత్తల మధ్య వాదన మాత్రం తెగనే లేదు. నికరాగువా చెరకు తోటల్లో మూడో దారి పట్టారు. కారణం తేలేదాకా ఆగకుండా, ఎండలో చెరకు నరికేవాళ్ళకు నీడ, విశ్రాంతి, నీళ్ళు గంటల లెక్కన ఇవ్వడం మొదలుపెట్టి, చెరకు కోత కాలానికి ముందూ చివరా రక్తం పరీక్షించి చూశారు. కిడ్నీకి తగిలే దెబ్బ తగ్గింది. ఎండ ఒక్కటే కారణమని దీంతో తేలిపోలేదు, నిజమే. కానీ జనం బతుకుతూ ఉండగానే ప్రశ్న అడగవచ్చని తేలింది.

మన తెలుగు నేల మీదే ఇంకో అనుభవం ఉంది. ఇప్పటి ప్రకాశం జిల్లా వైపు పల్లెల్లో, అప్పటికి నెల్లూరు జిల్లాలో, ఎముకల్ని వంచేస్తున్నది నీళ్ళలోని ఫ్లోరైడేనని 1937లోనే వైద్య పత్రికల్లో అచ్చయింది. కారణం తెలిసినా మంచినీళ్ళకు దశాబ్దాలు పట్టింది. నల్గొండ వాళ్ళయితే తమ గోడు దేశానికి వినిపించడానికి 1996 లోక్‌సభ ఎన్నికల్లో వందల మంది పోటీకి దిగారు. మొత్తం అభ్యర్థులు 480 మంది కావడంతో బ్యాలట్ పేపరు పుస్తకమంత అయింది. ఉద్దానంలో జరిగింది తలకిందులు. కారణం తెలియకముందే నీళ్ళొచ్చాయి. హిరమండలం జలాశయం నుంచి సుమారు 700 కోట్ల రూపాయల ఖర్చుతో పైపులు వేసి, 2023 డిసెంబరులో వంశధార నీళ్ళు మా వైపు వదిలారు. అదే రోజు పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభించారు. ఇది మేలే.

పరిశోధకులుగా మీకు ఇందులో ఇంకో సంగతి తట్టే ఉండాలి. ఒక ప్రాంతం మొత్తం తాగే నీళ్ళు ఒక్కసారి మారిపోవడం శాస్త్రానికి మళ్ళీ మళ్ళీ దొరికే అవకాశం కాదు. జబ్బు నీళ్ళ వల్లే వస్తుంటే, 2023 తర్వాత యుక్తవయసుకొచ్చే పిల్లల్లో కొత్త కేసులు తగ్గుతూ రావాలి. తగ్గకపోతే నీళ్ళు తప్ప మిగతావన్నీ మళ్ళీ మొదటి నుంచి చూడాలి: ఎండ, సిలికా, సీసం, పురుగుమందులు, నొప్పి మాత్రలు, వంశపారంపర్యం. ఏ జవాబు వచ్చినా మాకు పనికొచ్చేదే. కానీ ఆ జవాబు రావాలంటే పైపులు రాకముందు ఎవరికి ఎంత ఉందో, ఏ బావిలో ఏముందో తెలిసి ఉండాలి. ఆ లెక్క మా దగ్గర లేదు, మీ దగ్గర ఉంది. మీ ఫ్రీజర్లలో, మీ కంప్యూటర్లలో, మావయ్య కవరులోని నంబర్ల వెనక ఉంది. ఒక్కో సంస్థ తన ముక్క తాను దాచుకుంటే అవి ఎప్పటికీ కలవవు. పేర్లు తీసేసి అన్నీ ఒకచోట చేర్చండి. పలాస కేంద్రం పేరులోనే పరిశోధన ఉంది కదా, అక్కడ చేర్చండి.

కుళాయి వచ్చింది కదాని ఎవరు ఏ నీళ్ళు తాగుతున్నారో తేలిపోయిందని కూడా అనుకోవద్దు. మా అమ్మ ఇంట్లో కుళాయి నీళ్ళే తాగుతుంది. తోట పనికి వెళ్తే మాత్రం తోట యజమాని నేలబావి నీళ్ళు. పొద్దున ఆరు నుంచి ఒంటిగంట దాకా, చెమట పట్టి ఎక్కువ నీళ్ళు తాగే వేళంతా తోటలోనే ఉంటుంది. మీ ప్రశ్నాపత్రంలో మాత్రం 'గృహ తాగునీటి వనరు' అన్న గడిలో 'కుళాయి' అని టిక్కు పడుతుంది.

ప్రశ్నాపత్రం మాట వచ్చింది కనుక చెబుతాను. సెలవుల్లో ఒక సర్వే బృందానికి సాయంగా వెళ్ళాను. "రోజుకు ఎన్ని లీటర్ల నీరు తాగుతారు?" అని ఉంది అందులో. కొబ్బరికాయల దింపు పని చేసే ఒక పెద్దాయన చాలాసేపు ఆలోచించి "సెంబుతో తాగుతాం బాబూ" అన్నాడు. చెంబు ఎంతదో ఆ కాగితంలో చోటు లేదు. పొద్దున్నే తాగి వెళ్ళే చోడి అంబలికి చోటు లేదు, పనిలో దాహానికి కొట్టుకుని తాగే బొండాంకి చోటు లేదు. "నొప్పి నివారణ మాత్రలు క్రమం తప్పకుండా వాడతారా?" అంటే అందరూ లేదన్నారు. పక్కన కూర్చున్న వాళ్ళ కోడలిని "మావకి ఒళ్ళు నొప్పులొస్తే ఏటి సేస్తారు?" అని నేను అడిగాను. కిరాణా కొట్లో బిళ్ళ తెచ్చుకుంటాడనీ, పని ఎక్కువున్న వారంలో రోజూ వేసుకుంటాడనీ, మరీ నొప్పయితే ఆర్ఎంపీ దగ్గర సూది వేయించుకుంటాడనీ చెప్పింది. కిడ్నీ జబ్బు మీద చేసే సర్వేలో ఇది తప్పిపోతే ఇంక మిగిలేదేమిటి? తప్పు ఆ పెద్దాయనది కాదు. ఆ ప్రశ్నలు రాసిన గదిలో ఉద్దానం మనిషి ఒక్కరు లేరు, అంతే.

మా పిల్లల్ని మీరు పెట్టుకోరని కాదు. దారి చూపించడానికి, ఇళ్ళ తలుపులు తట్టడానికి రోజుకూలీ మీద పెట్టుకుంటారు. ప్రశ్నలు తయారయ్యేటప్పుడు కూడా పిలవండి అంటున్నాను. ఎచ్చెర్లలో విశ్వవిద్యాలయం ఉంది, శ్రీకాకుళంలో వైద్య కళాశాల ఉంది. అక్కడే పర్యావరణ ఆరోగ్యంలో ఒక డిప్లొమా పెట్టి, మండలానికి ఇద్దరేసి స్థానిక యువతకు నీటి పరీక్షలూ వేడిమి కొలతలూ నేర్పించి ఉద్యోగాలిస్తే, ప్రాజెక్టు డబ్బులైపోగానే వెళ్ళిపోయే మనుషుల అవసరం సగం తగ్గుతుంది. ఇలాంటి జబ్బుకు మూడు నెలల సర్వే చాలదు. అదే మనుషుల్ని, అదే బావుల్ని ఏటేటా చూసేవాళ్ళు కావాలి. ఊళ్ళో ఉండేవాళ్ళే అది చేయగలరు.

నాకున్న ఒక అనుమానం కూడా ఇక్కడే పెడతాను, తీసిపారేసినా సరే. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస, వజ్రపుకొత్తూరు వైపు నుంచి దూసుకొచ్చి మా తోటల్ని నేలకూల్చింది. కొబ్బరి మొక్క మళ్ళీ నాటి కాపుకొచ్చేసరికి ఆరేడేళ్ళు. అంటే తరతరాలుగా నీడలో పని చేసిన జనం ఆ తర్వాత కొన్నేళ్ళు నెత్తి మీద ఎండతో పని చేశారు. తోటలు పోయినవాళ్ళు కొందరు ఉపాధి హామీ మట్టి పనులకు వెళ్ళారు, కొందరు ఊరొదిలి పోయారు. మా తీరంలో ఎండ 36 డిగ్రీలే ఉన్నా గాలిలో తేమ వల్ల చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు. ఉత్త థర్మామీటరు చూసి 'పెద్ద ఎండేం లేదు' అనుకుంటే లాభం లేదు, తేమనూ నేరుగా పడే ఎండనూ కలిపి కొలవాలి. ఎండకు ఈ జబ్బుతో సంబంధముంటే, తోటలు పడిపోయిన ఊళ్ళకూ నిలిచిన ఊళ్ళకూ తేడా కనబడాలి. పలాస జీడి ఫ్యాక్టరీల్లో పిక్కలు కాల్చే చోట గంటల తరబడి నిలబడే ఆడవాళ్ళను కూడా ఈ కళ్ళతోనే చూడాలి. మీ దగ్గరున్న లెక్కల్లోంచే ఇది తేలవచ్చు. మాకు ఇస్తే మేమే చూసుకుంటాం.

ఇక చేదు విషయం. ఫలితాలు ఊరికి చెప్పండి అనగానే మా ఊళ్ళోనే కొందరికి కోపం వస్తుందని నాకు తెలుసు. ఉద్దానం పిల్లనంటే సంబంధాలు వెనక్కి పోయిన ఇళ్ళున్నాయి. పిల్లాడి క్రియాటినిన్ చీటీ చూపించమని అడిగిన వియ్యాలవారున్నారు. మా అప్ప పెళ్ళి చూపుల్లో కట్నం మాట కంటే ముందు మావయ్య జబ్బు మాట వచ్చింది. అందుకని మనిషి ఫలితం మనిషికే, మూసిన కవరులో, చదివి చెప్పే ఒకరి సాయంతో అందాలి. వద్దనుకునేవాళ్ళకు వద్దనే హక్కు ఉండాలి. రోగుల లెక్కలు ఊరి పేరుతో కాకుండా మండలం పేరుతో చెబితే చాలు. నీళ్ళ సంగతి వేరు. ఏ బావిలో ఏముందో దాచడానికి ఏ పెళ్ళీ అడ్డం రాదు. పంచాయతీ గోడ మీద బావి పేరు, తేదీ, తేలినవి రాయించండి. 'పరిమితికి లోబడి' అన్న ఒక్క మాటతో సరిపెట్టకుండా పరిమితి ఎంత, మాది ఎంత అన్నది రెండు అంకెల్లో రాయించండి.

మా మీద కాగితాలు మేం లేకుండా తయారైతే ఏమవుతుందో సోంపేటకు అనుభవం ఉంది. థర్మల్ విద్యుత్ కేంద్రం కోసం ఇచ్చిన నివేదికల్లో మా బీలను పనికిరాని నేలగా చూపించారు. ఆ తడి నేల మీద వరి పండించేవాళ్ళూ, చేపలు పట్టేవాళ్ళూ, పశువుల్ని మేపేవాళ్ళూ మొత్తుకున్నా లెక్కలోకి రాలేదు. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అదే రోజు ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్రాజెక్టు అనుమతిని కొట్టేసింది. కాగితం మీద ఉన్నది వేరు, నేల మీద ఉన్నది వేరు అని అక్కడ తేలేసరికి ఇక్కడ శవాలు లేచాయి. మీ పరిశోధనను దానితో పోల్చడం లేదు, మీరు మా మేలు కోరే వచ్చారు. మా ఊళ్ళవాళ్ళు బయటి కాగితాన్ని ఎందుకంత అనుమానంగా చూస్తారో తెలియాలని చెప్పాను.

మీరు చెప్పబోయే జవాబులు కొన్ని నాకు ముందే తెలుసు, క్లాసులో వినే ఉన్నాను. పరిశోధన కోసం చేసిన పరీక్ష వైద్యం కోసం చేసే పరీక్ష కాదంటారు. నిజమే. ఆ మాట కూడా కలిపి ఫలితం ఇవ్వండి, 'ఇది ఆసుపత్రిలో మళ్ళీ చూపించుకోండి' అని తెలుగులో ఒక వాక్యం రాయండి. వ్యాసం అచ్చయ్యేదాకా బయటపెట్టకూడదంటారు. ఒక మనిషి సొంత క్రియాటినిన్ ఆ మనిషికి చెబితే ఏ పత్రికా వ్యాసాన్ని తిప్పికొట్టదు. బడ్జెట్ లేదంటారు. ప్రాజెక్టు రాసేటప్పుడే ఆ పద్దు పెట్టుకోండి. 2017లో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) తెచ్చిన నైతిక మార్గదర్శకాల్లో జన సముదాయాన్ని కలుపుకుపోవడం గురించీ, పరిశోధన ఫలాలు పంచడం గురించీ రాసే ఉంది. నేను కొత్తగా కనిపెట్టింది ఏమీ లేదు. నైతిక కమిటీలు సంతకాలు పెట్టే ముందు ఆ పేజీలు తిరగేసి, ఫలితాలు ఏ తేదీన, ఏ భాషలో, ఎవరి చేత ఇప్పిస్తారో రాసివ్వమని అడిగితే చాలు.

ఆరోగ్య శాఖ వారికి ప్రత్యేకంగా ఒక మాట. అనుమతి ఇచ్చేది మీరు. మా పీహెచ్‌సీలూ ఏఎన్ఎంలూ లేకుండా ఏ బృందమూ ఊళ్ళోకి రాలేదు. ఇప్పటిదాకా ఉద్దానంలో ఎవరెవరు ఎన్ని నమూనాలు తీసుకున్నారో, వాటితో ఏం చేశారో ఒక జాబితా చేసి బయటపెట్టండి. అది మీకు నెల రోజుల పని. దాన్ని బట్టే మిగతాది ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది.

చదువయ్యాక ఏం చేస్తావని అందరూ అడుగుతున్నారు. విదేశానికి వెళ్తే మంచి జీతాలున్నాయంటున్నారు, అబద్ధం కాదు. నేను మాత్రం పలాస, సోంపేట మధ్యనే పని చేయాలనుకుంటున్నాను, అలాంటి పని అక్కడ ఉంటే. ఉండేలా చేయడం కొంత మీ చేతుల్లోనే ఉంది.

వచ్చే మార్చిలో, ఎండలు ముదరకముందే, మా ఊరికి ఒక పూట రండి. హాలు, బ్యానర్లు, శాలువాలు అక్కర్లేదు. రామాలయం అరుగు ఉంది, మైకు మేం పెట్టిస్తాం. తెలుగులో మాట్లాడగలిగినవాళ్ళను పంపండి, వచ్చేటప్పుడు ఆ నంబర్ల జాబితా తీసుకురండి. మావయ్య చీటీలన్నీ నేను ఫొటోలు తీసి ఉంచాను. ఆయనకు మంగళ, శుక్రవారాలు డయాలసిస్ ఉంటుంది. ఆ రెండు రోజులు తప్ప ఎప్పుడైనా సరే.

ఇట్లు,
కవిటి మండలానికి చెందిన ప్రజారోగ్య విద్యార్థిని